బొబ్బర్లు, రాజ్మా, కూరగాయలతో చల్లని సలాడ్: నీరు ఊరకుండా, రుచి తగ్గకుండా చేసే విధానం

ఉడికించిన గింజలు మనకు కొత్తవి కావు. వినాయక చవితికీ దసరా నవరాత్రులకూ శనగలో బొబ్బర్లో ఉడికించి, పోపు వేసి గుగ్గిళ్ళు చేసుకుంటాం. శ్రీరామనవమి నాడు నానిన పెసరపప్పులో కీర దోస, పచ్చిమామిడి, కొబ్బరి కోరు కలిపి వడపప్పుగా పంచుతాం. గింజల చల్లని సలాడ్ ఈ రెంటికీ నడుమ నిలిచే వంటకం. గుగ్గిళ్ళలో లాగా గింజ ఉడకాలి, వడపప్పులో లాగా కూరగాయ పచ్చిగా కరకరలాడాలి, పైగా ఇవి రెండూ ఫ్రిజ్‌లో కొన్ని గంటలు కలిసి ఉన్నా ఒకదాన్నొకటి పాడుచేసుకోకూడదు. కోసి కలిపేస్తే సరిపోయే పనిలా కనిపించినా, చాలా ఇళ్ళల్లో ఇది గిన్నె అడుగున పులిసిన నీళ్ళు, పైన చప్పిడి గింజలుగా తేలడానికి ఆ చివరి షరతే కారణం.

అమెరికాలో ఇటువంటి సలాడ్లకు మంచి ఆదరణ ఉంది. ఉడికిన బొబ్బర్లను నూనె, వెనిగర్, ఉల్లి, వెల్లుల్లితో ఊరబెట్టి చల్లగా వడ్డించే వంటకాన్ని హెలెన్ కార్బిట్ అనే పాకనిపుణురాలు 1940లలో టెక్సస్‌లో ప్రసిద్ధం చేసింది. ‘టెక్సస్ కేవియర్’ (కేవియర్ అంటే ఖరీదైన చేపగుడ్లు) అన్న కొంటె పేరుతో అది నేటికీ అక్కడి విందుల్లో కనిపిస్తుంది. డాలస్, హ్యూస్టన్ నగరాల్లో ఉండే తెలుగువారు దాన్ని ఎరిగే ఉంటారు. ఇక్కడ వివరించే పద్ధతికి పునాది అదే అయినా, వెనిగర్ స్థానంలో నిమ్మరసం, ఆలివ్ నూనె స్థానంలో నువ్వుల నూనె వాడి, మన ఆవపిండితో ఘాటు తెచ్చాను. ఈ మార్పులన్నీ రుచి కోసం చేసినవే, ఒక్క నూనెకు మాత్రం మరో కారణం కూడా ఉంది. దాని సంగతి డ్రెస్సింగ్ (గింజలకు పట్టించే పులుపు, నూనెల మిశ్రమం) దగ్గర చెప్తాను.

మొత్తం పద్ధతిలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. గింజకు ఉప్పూ పులుపూ వేడి మీదే పట్టించాలి, కూరగాయలోని అదనపు నీటిని కలపడానికి ముందే తీసేయాలి. మిగతా వివరాలన్నీ ఈ రెండు పనులను ఎలా చేయాలో చెప్పేవే.

కావలసినవి

ఆరుగురికి సరిపడేలా చేయాలంటే బొబ్బర్లు 150 గ్రాములు, రాజ్మా 75 గ్రాములు, కాబూలీ శనగలు 75 గ్రాములు తీసుకోవాలి. ఎండుగింజ ఉడికాక బరువులో రెండింతలు దాటుతుంది కాబట్టి ఈ 300 గ్రాములు సుమారు 650 నుంచి 750 గ్రాముల ఉడికిన గింజలవుతాయి. బొబ్బర్లను రాయలసీమలో, మరికొన్ని చోట్ల అలసందలంటారు. తెల్లవైనా ఎర్రవైనా పనికొస్తాయి, కాకపోతే ఎర్రవాటి రంగు ఉడికేటప్పుడు నీళ్ళలోకి దిగుతుంది.

కూరగాయల్లో కీర దోస రెండు, గట్టి టమాటాలు రెండు, క్యాప్సికం ఒకటి, మధ్యరకం క్యారెట్ ఒకటి, ఉల్లిపాయ ఒకటి, లేత బీన్స్ 100 గ్రాములు, పచ్చిమిర్చి ఒకటో రెండో, కొత్తిమీర ఒక చిన్న కట్ట, పుదీనా ఓ గుప్పెడు ఉండాలి. వేసవిలో పుల్లటి పచ్చిమామిడి దొరికితే సగం కాయ చాలు. డ్రెస్సింగ్‌కు నిమ్మరసం 60 మిల్లీలీటర్లు (నాలుగు రసమున్న కాయల నుంచి వస్తుంది), నువ్వుల నూనె 60 మిల్లీలీటర్లు, ఆవాలు ఒక చెంచా, వేయించి పొడి చేసిన జీలకర్ర ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, బెల్లం తురుము ఒక చెంచా, వెల్లుల్లి రెబ్బ ఒకటి, ఉప్పు ఒకటిన్నర చెంచా కావాలి. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు పట్టే టీ చెంచా.

గింజలు కొనేటప్పుడు పాతవి రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఏళ్ళ తరబడి వేడిలో, తేమలో నిల్వ ఉన్న గింజ ఎంతసేపు ఉడికించినా లోపల పలుకుగానే మిగులుతుంది, ఆ దోషాన్ని వంటింట్లో ఎవరూ పూర్తిగా సరిదిద్దలేరు. పై పొట్టు ముడతలు పడి, రంగు మాసి, సంచి అడుగున పిండి రాలుతున్న గింజలను వదిలేయాలి. పాత సరుకునూ కొత్త సరుకునూ ఒకే డబ్బాలో కలిపి పోసుకునే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది, ఎందుకంటే అప్పుడు సగం గింజలు మెత్తబడి చిదిగిపోయే సమయానికి మిగతా సగం ఇంకా గట్టిగానే ఉంటాయి.

నానబెట్టడం

రాజ్మా, శనగలు 8 గంటలు, బొబ్బర్లు 4 గంటలు నానాలి. మూడింటినీ వేరువేరు గిన్నెల్లో నానబెట్టాలి, ఎందుకంటే ఉడికే సమయాలు కూడా వేరు. లీటరు నీటికి సుమారు 15 గ్రాముల ఉప్పు, అంటే మూడు చెంచాల లెక్కన కలిపిన నీళ్ళలో నానబెడితే పొట్టు మెత్తబడి, ఉడికేటప్పుడు పగలడం తగ్గుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదని పెద్దలు చెప్పే మాట చాలామంది విని ఉంటారు గానీ, నానబెట్టే నీళ్ళ విషయంలో జరిగేది దానికి వ్యతిరేకం. గింజ పొట్టును బిగించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని ఉంటాయి. ఉప్పులోని సోడియం వాటిలో కొంత భాగాన్ని తప్పించి తాను చేరడం వల్ల పొట్టు సాగే గుణం పొందుతుంది.

మన వేసవిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. గది వేడి 38, 40 డిగ్రీలుండే రోజుల్లో రాత్రంతా గట్టు మీద నానిన గింజలు పొద్దున్నకి నురగ కట్టి పులిసిన వాసన వేస్తాయి. అటువంటప్పుడు గిన్నెను ఫ్రిజ్‌లోనే పెట్టి మరో రెండు మూడు గంటలు అదనంగా నాననివ్వాలి, లేదా నడుమ ఒకసారి నీళ్ళు మార్చాలి. నానిన నీళ్ళను ఎప్పుడూ పారబోసి, గింజలను రెండుసార్లు కడగాలి. కడుపుబ్బరానికి కారణమయ్యే కొన్ని చక్కెరలు ఆ నీటిలోకి కొంతవరకు దిగుతాయి, రాజ్మా విషయంలోనైతే ఆ నీళ్ళు పారబోయడం ఆరోగ్యరీత్యా కూడా అవసరం.

ఉడికించడం

రాజ్మా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇందులో రుచి కన్నా భద్రత పెద్ద విషయం. పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నీళ్ళు పూర్తిగా తెర్లుతూ కనీసం 10 నిమిషాలు, వీలైతే అరగంట మరిగితే ఆ పదార్థం నశిస్తుంది. సన్న సెగ మీద, మరగని వేడిలో గంటల తరబడి ఉంచితే మాత్రం నశించకపోగా దాని ప్రభావం పెరిగే అవకాశం ఉంది. అందుచేత విదేశాల్లో వాడే స్లో కుక్కర్లో పచ్చి రాజ్మాను నేరుగా వేయకూడదు. మన ప్రెషర్ కుక్కర్లో లోపలి వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఈ భయం ఉండదు.

నానిన రాజ్మా, శనగలను కుక్కర్లో రెండు వేరు గిన్నెల్లో పెట్టి, గింజలపై రెండు అంగుళాల నీళ్ళుండేలా పోసి, అర చెంచా ఉప్పు వేసి మూత పెట్టాలి. మొదటి కూత వచ్చాక మంట తగ్గించి 12 నిమిషాలు ఉంచాలి. కుక్కర్‌కూ కుక్కర్‌కూ కూతల మధ్య వ్యవధి మారుతుంది, కాబట్టి కూతలు లెక్కపెట్టడం కన్నా గడియారం చూసుకోవడమే నమ్మదగినది. మంట ఆపిన తరువాత ఆవిరిని గరిటెతో ఎత్తి బలవంతంగా వదలకూడదు. బయటి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే గింజలోని నీరు లోపలే మరిగి పొట్టును చీల్చుకుని బయటికి వస్తుంది. పప్పుకూరకు ఆ చీలిక మంచిదే, సలాడ్‌కు అది చేటు.

బొబ్బర్లను మాత్రం కుక్కర్లో పెట్టవద్దనే నా సలహా. పలుచని పొట్టు, త్వరగా ఉడికే స్వభావం ఉన్న ఈ గింజ రెండు నిమిషాలు ఎక్కువైనా పప్పయిపోతుంది. వెడల్పాటి గిన్నెలో మూత వేయకుండా, నీళ్ళు చిన్నగా కదులుతూ ఉండే మంట మీద 20 నుంచి 30 నిమిషాలు ఉడికించి, పదిహేనో నిమిషం నుంచే పరీక్షించడం మొదలుపెట్టాలి. ఒక గింజను చూసి తృప్తి పడకుండా గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి అయిదు గింజలు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడాలి. గింజ వెన్నలా అణగాలి, కానీ పొట్టు నుంచి బయటికి జారకూడదు. చాకుతో అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సుద్దలాంటి తెల్లచుక్క మిగలకూడదు. చెంచాలో రెండు గింజలు తీసుకుని ఊదినప్పుడు పొట్టు సన్నగా ముడుచుకుని లేస్తే దాదాపు ఉడికినట్టే.

ఇక్కడ గుగ్గిళ్ళకు అలవాటుపడిన చేతికి ఒక సవరణ అవసరం. వేడి మీద గింజ పలుకుగా, తినడానికి బాగుందనిపించే దశలో దించితే, అది ఫ్రిజ్‌లో చల్లారిన తరువాత గట్టిగా, ఎండినట్టుగా తగులుతుంది. ఉడికినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లదనానికి మళ్ళీ బిగుసుకోవడమే దీనికి కారణం, పొద్దున వండిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పలుకులు కట్టేదీ ఇందుకే. అందుచేత సలాడ్‌కు గింజను గుగ్గిళ్ళ పాకం కన్నా ఒక మెట్టు మెత్తగా, ఆకారం చెడని గరిష్ఠ స్థాయి దాకా ఉడికించాలి.

ఎంతకీ ఉడకకపోతే నీళ్ళను అనుమానించాలి. బోరు నీళ్ళు వాడే ఊళ్ళల్లో పప్పు ఉడకదన్న ఫిర్యాదు సాధారణం. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజ పొట్టును మరింత బిగిస్తాయి. ఈ ఖనిజాలను తీసేసే (ఆర్‌ఓ) వడపోత యంత్రం నుంచి వచ్చిన తాగునీటిని నానబెట్టడానికీ ఉడికించడానికీ వాడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అది వీలుకాకపోతే లీటరు నీటికి పావు చెంచా లోపు వంటసోడా వేయవచ్చు. అంతకు మించితే గింజ జిగురు పట్టి, సబ్బు రుచి వస్తుంది. నిమ్మరసం, చింతపండు, టమాటా వంటి పుల్లటివేవీ ఉడికే నీళ్ళలో పడకూడదు, పులుపు తగిలిన గింజ మెత్తబడటం ఆగిపోతుంది. ఇదే గుణం తరువాత మనకు ఉపకరిస్తుంది: ఉడికాక పులుపు పడితే గింజ ఆకారం నిలుస్తుంది.

విదేశాల్లో ఉండేవారు డబ్బాల్లో వచ్చే ఉడికిన గింజలు వాడుకోవచ్చు. వాటిని జల్లెడలో వేసి, నురగ పోయేదాకా చల్లని నీళ్ళతో కడిగితే డబ్బాలోని జిగురు ద్రవంతో పాటు ఉప్పులో కొంత భాగం పోతుంది. అయితే ఆ గింజలను అలాగే వాడకుండా, వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి వడకట్టి వాడాలి. ఎందుకన్నది తరువాతి భాగంలో తెలుస్తుంది.

డ్రెస్సింగ్, వేడి మీద పట్టించడం

గింజలు ఉడుకుతుండగానే డ్రెస్సింగ్ సిద్ధం కావాలి. ఆవాలను మెత్తగా పొడి చేసి, రెండు చెంచాల చల్లని నీళ్ళతో తడిపి పది నిమిషాలు పక్కన పెట్టాలి. పనసపొట్టు కూరకో అరటికాయ కూరకో ఆవ పెట్టే అలవాటున్న ఇళ్ళల్లో ఈ సంగతి చేతికి తెలిసిందే: ఆవ ఘాటు పొడిలో ఉండదు, నీరు తగిలిన తరువాత పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. ఆవగింజలోని ఒక ఎంజైమ్ చల్లని తడిలో పనిచేసి ఆ ఘాటును తయారుచేస్తుంది, వేడినీళ్ళు పోస్తే ఎంజైమ్ నశించి ఘాటు లేని చేదు మాత్రమే మిగులుతుంది. పది నిమిషాల తరువాత నిమ్మరసం, ఉప్పు, బెల్లం, దంచిన వెల్లుల్లి, జీలకర్ర, మిరియాల పొడి వేసి, ఉప్పూ బెల్లమూ కరిగేదాకా కలపాలి. చివరగా నూనెను సన్నని ధారగా పోస్తూ గిలక్కొట్టాలి. ఆవపిండి ఉండటం వల్ల నూనె, నిమ్మరసం కొంతసేపు విడిపోకుండా చిక్కగా కలిసి ఉంటాయి.

ఆకుకూరల సలాడ్లకు చెప్పే లెక్కలో ఒక వంతు పులుపుకు మూడు వంతుల నూనె ఉంటుంది. గింజలకు ఆ లెక్క పనికిరాదు. పిండిపదార్థం నిండిన గింజ పులుపునూ ఉప్పునూ మింగేస్తుంది కాబట్టి ఇక్కడ నూనె, నిమ్మరసం సమపాళ్ళలో ఉండాలి. నూనె ఎంపికలో చూడవలసింది అది చల్లదనానికి గడ్డకడుతుందా లేదా అన్నది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. నెయ్యి గురించి చెప్పనక్కరలేదు. వేరుశనగ నూనె, ఆలివ్ నూనె ఫ్రిజ్‌లో మబ్బుపట్టి చిక్కబడతాయి. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె ద్రవంగానే ఉంటాయి. గానుగ నువ్వుల నూనె వాసన మరీ ఎక్కువనిపించే వారు సగం సగం కలుపుకోవచ్చు.

గింజలు ఉడికిన వెంటనే వడకట్టి (బొబ్బర్లు, శనగలు ఉడికిన నీళ్ళను చారులోకి దాచుకోవచ్చు), ఆవిరి పోయేలా రెండు నిమిషాలు జల్లెడలోనే ఉంచి, వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పలుచగా పరచాలి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి ఉన్నప్పుడే డ్రెస్సింగ్‌లో సగం వాటిపై పోసి, గరిటెతో కాకుండా పళ్ళేన్ని అటూ ఇటూ కుదుపుతూ పట్టించాలి. వేడి గింజ మెత్తగా తెరుచుకుని ఉంటుంది, పైన పోసిన ద్రవం చల్లారే కొద్దీ లోపలికి ఇంకుతుంది. పూర్తిగా చల్లారిన గింజ మీద ఎంత పోసినా పైపైన పూతలాగా నిలిచి, తరువాత అడుగుకు జారుతుంది. డబ్బా గింజలను వేడినీళ్ళలో ముంచమన్నది ఇందుకే. పావుగంటలో పళ్ళెం అడుగున తడి తగ్గి, గింజల మీద నిగనిగ కనిపిస్తే పని జరిగినట్టు.

ఫ్యాను కింద అరగంటలో చల్లారిన గింజలను గాజు లేదా స్టీలు గిన్నెలో వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. నిమ్మరసం తగిలే వంటకం కాబట్టి అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు వాడకూడదు, కిలుము దిగుతుంది. ఉడికిన గింజలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు, మండువేసవిలో అయితే గంటే గడువు. అలాగని పొగలు కక్కే గిన్నెను నేరుగా ఫ్రిజ్‌లోకి తోస్తే చుట్టుపక్కలున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి, లోతైన గిన్నె నడిబొడ్డు గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. పలుచగా పరచి చల్లార్చడమే రెంటికీ మందు. రాత్రి ఇంతవరకు చేసి పెట్టుకుంటే మరునాటికి గింజలు మరింత రుచి పట్టి ఉంటాయి.

కూరగాయలను సిద్ధం చేయడం

వడ్డించే రోజు, రెండు మూడు గంటల ముందు కూరగాయల పని మొదలుపెట్టాలి. ముక్కలన్నీ బొబ్బరిగింజ కన్నా కాస్త పెద్దగా, శనగగింజంత ఉండేలా కోస్తే ఒక చెంచాలో అన్నీ వస్తాయి. పెద్ద ముక్కలు కోస్తే కూరగాయ ఒక ముద్ద, గింజలు ఒక ముద్దగా తిన్నట్టుంటుంది.

నీరు ఎక్కువగా వదిలేవి రెండు, కీర దోస, టమాటా. కీరను నిలువుగా చీల్చి, మధ్యలోని గింజల గుజ్జును చెంచాతో గీకేసి, ముక్కలు కోసి, అర చెంచా ఉప్పు చల్లి జల్లెడలో 20 నిమిషాలు ఉంచాలి. కింద గిన్నెలో చేరిన నీళ్ళు చూస్తే, ఇవన్నీ సలాడ్‌లోకి వెళ్ళవలసినవే కదా అని ఆశ్చర్యం కలుగుతుంది. తరువాత ముక్కలను శుభ్రమైన పలుచని గుడ్డలో వేసి మెల్లగా ఒత్తాలి. టమాటాకు ఉప్పు అక్కరలేదు, నాలుగు చీలికలు చేసి లోపలి గుజ్జును తీసేసి, గట్టి కండను మాత్రమే ముక్కలు చేయాలి, ఆ గుజ్జు పప్పులోకో పచ్చడిలోకో పోతుంది.

కీర స్థానంలో మన పసుపుపచ్చ దోసకాయ వాడితే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. దోసావకాయలో నెలల తరబడి కరకరలాడుతూ నిలిచే ఆ కండకు ఈ సలాడ్‌లో ఒక రాత్రి నిలవడం లెక్కకాదు, పైగా దానికి సహజంగానే చిరుపులుపు ఉంటుంది. కాకపోతే కోసిన ప్రతి కాయనూ తొడిమ వైపు నుంచి ఒక ముక్క, లోపలి గింజ ఒకటి నోట్లో వేసుకుని చేదు చూడకుండా గిన్నెలో వేయకూడదు. ఒక్క చేదుకాయ మొత్తం సలాడ్‌ను పారబోయిస్తుంది.

ఉల్లిపాయను సన్నగా తరిగి, చల్లని నీళ్ళలో పది నిమిషాలు ఉంచి పిండితే ఘాటు దిగుతుంది. ఆ తరువాత ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు పట్టిస్తే ఎర్ర ఉల్లి అందమైన గులాబీ రంగు తిరుగుతుంది. ఈ పని చేయకుండా పచ్చి ఉల్లిని రాత్రే కలిపేస్తే పొద్దున్నకి ఫ్రిజ్ అంతా దాని వాసనే.

బీన్స్‌ను అంగుళం ముక్కలుగా కోసి, ఉప్పు వేసి మరిగించిన నీళ్ళలో రెండున్నర నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు ముక్కలు వేసిన నీళ్ళలోకి మార్చాలి. ఆకుపచ్చ రంగు మెరుస్తుంది, కొరికితే చిన్న చప్పుడు వస్తుంది. చల్లారాక గుడ్డ మీద ఆరబెట్టాలి. ఈ రంగు పులుపుకు ఎక్కువసేపు నిలవదు, నిమ్మరసంలో గంటల తరబడి ఉంటే మాసిన ఆలివ్ రంగులోకి దిగుతుంది కాబట్టి బీన్స్‌ను వడ్డించే ముందే కలపాలి. క్యారెట్, క్యాప్సికం, పచ్చిమామిడిని కోసుకుంటే చాలు. బీట్‌రూట్ వేయాలనుకునేవారు వేసుకోవచ్చు గానీ అప్పుడు గింజలన్నీ ఒకే ఎరుపు అవుతాయని తెలిసి వేయాలి.

కలపడం, చల్లబరచడం, వడ్డించడం

ఫ్రిజ్‌లోని గింజలను బయటికి తీసి, క్యారెట్, క్యాప్సికం, ఉల్లి, పచ్చిమామిడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి వేసి, మిగిలిన డ్రెస్సింగ్‌లో మూడు వంతులు పోసి అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి. మూతపెట్టి గంట నుంచి రెండు గంటల పాటు మళ్ళీ ఫ్రిజ్‌లో ఉంచాలి. త్వరపడి ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకట్టి కరిగిన కూరగాయ ముక్క నీరు కారి వేలాడిపోతుంది. వడ్డించడానికి పావుగంట ముందు దోస, టమాటా, బీన్స్, కొత్తిమీర, చేత్తో తుంచిన పుదీనా కలిపి, మిగిలిన డ్రెస్సింగ్ పోయాలి.

ఇప్పుడు తప్పనిసరిగా రుచి చూడాలి, అదీ చల్లగా ఉన్నప్పుడే. చల్లదనంలో నాలుకకు రుచులు మందంగా తెలుస్తాయి. గది వేడిలో సరిగ్గా ఉందనిపించిన ఉప్పు, కారం, తీపి ఫ్రిజ్ నుంచి తీశాక ఒక పాలు తగ్గినట్టుంటాయి. సాధారణంగా మరో పావు చెంచా ఉప్పు, అర నిమ్మచెక్క రసం పడుతుంది. కొత్తగా పిండిన ఆ రసం వాసన, రాత్రి నుంచి ఊరిన పులుపుకు లేని తాజాదనాన్ని ఇస్తుంది. నిమ్మరసంలోని విటమిన్ సి గింజల్లోని ఇనుమును శరీరం బాగా గ్రహించేందుకు తోడ్పడుతుందన్నది అదనపు లాభం.

పైన వేయించిన పల్లీలను కచ్చాపచ్చాగా దంచి చల్లితే చాలా బాగుంటుంది, కానీ గిన్నెలో కలపకుండా ఎవరి పళ్ళెంలో వారికి చల్లాలి, లేకపోతే పది నిమిషాల్లో మెత్తబడతాయి. పోపు లేనిదే తిన్నట్టుండదనే వారు ఆవాలు, కరివేపాకు, ఇంగువతో నువ్వుల నూనెలో పోపు పెట్టి, పూర్తిగా చల్లారాక కలుపుకోవచ్చు, అప్పుడు డ్రెస్సింగ్‌లో నూనె సగానికి తగ్గించాలి. కొబ్బరి కోరు వేయడం మాత్రం అప్పటికప్పుడు తినేసే పక్షంలోనే. పచ్చికొబ్బరి తొందరగా పాడవుతుంది, దానితో పాటు మిగతావాటినీ చెడగొడుతుంది. మొలకెత్తిన పెసలు కలపదలచుకుంటే ఆవిరి మీద పూర్తిగా ఉడికించి, చల్లార్చి వేయాలి. పచ్చి మొలకల్లో హానికర బ్యాక్టీరియా పెరిగే వీలుంది కాబట్టి గర్భిణులకూ వృద్ధులకూ చిన్నపిల్లలకూ అవి పచ్చిగా పెట్టకపోవడమే క్షేమం.

విందుకు తీసుకెళ్ళేటప్పుడు దోస, టమాటా, బీన్స్‌ను వేరే డబ్బాలో పట్టుకెళ్ళి అక్కడే కలపాలి. బల్ల మీద పెట్టే గిన్నెను ఐసు ముక్కలు పరచిన వెడల్పాటి పళ్ళెంలో ఉంచితే ఎక్కువసేపు చల్లగా ఉంటుంది. అంతా ఒకేసారి బయట పెట్టకుండా సగం ఫ్రిజ్‌లోనే ఉంచుకుని, తరిగేకొద్దీ నింపడం మంచిది.

దోస, టమాటా కలపని సలాడ్ 4 డిగ్రీల దగ్గర ఉన్న ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది, అవి కలిపినది మరునాటికల్లా ముగించాలి. కరెంటు నాలుగు గంటలకు పైగా పోయి లోపలి చల్లదనం తగ్గితే, వాసన బాగానే ఉన్నా దాన్ని తినకూడదు. మరునాడు మిగిలినదానిలో ఊరిన నీళ్ళు వంచేసి, గట్టి పెరుగులో కలిపి చిటికెడు ఉప్పు వేస్తే అన్నంలోకి పెరుగుపచ్చడిలా పనికొస్తుంది. గింజలే ఎక్కువ మిగిలి కూరగాయలు అయిపోతే, బాణలిలో ఎండుమిర్చి, ఆవాలు, కరివేపాకు పోపు వేసి వాటిని రెండు నిమిషాలు పొగలు వచ్చేదాకా వేయించి, సాయంత్రానికి పుల్లటి గుగ్గిళ్ళుగా పెట్టేయవచ్చు.